డిజైన్ సాఫ్ట్‌వేర్ ఉచిత ట్రయల్: మొదలుపెట్టే ముందు, ముగిసే ముందు చూసుకోవలసినవి

గ్రాఫిక్ డిజైన్ సాఫ్ట్‌వేర్ కొనాలా వద్దా అని తేల్చుకోవడానికి ఉచిత ట్రయల్ తీసుకునేవారు ముందుగా అడిగే ప్రశ్న ఎన్ని రోజులు ఇస్తారన్నదే. అడోబ్ వారి ఫొటోషాప్, ఇల్లస్ట్రేటర్, ఇన్‌డిజైన్‌లకు 7 రోజులు, కోరల్‌డ్రాకు 15 రోజులు, కాన్వా ప్రోకు సాధారణంగా 30 రోజులు, మ్యాక్ కంప్యూటర్ల మీద మాత్రమే నడిచే స్కెచ్‌కు 30 రోజులు ఇస్తున్నారు. ఈ అంకెలను కంపెనీలు అప్పుడప్పుడు మారుస్తుంటాయి కనుక ఖాతా తెరిచే రోజున ఆ పేజీలో ఏముందో చూసుకోవాలి. అయితే రోజుల లెక్క తెలిసినంత మాత్రాన పెద్ద ప్రయోజనం లేదు. ఆ రోజుల్లో చేసిన శుభలేఖో, ఫ్లెక్సీయో, కరపత్రమో గడువు ముగిసిన మర్నాడు తెరుచుకుంటుందా, తెరుచుకుంటే అందులో ఒక్క అక్షరం మార్చుకోగలమా అన్నది తెలియాలి. ట్రయల్ పరిమితులన్నింటినీ ఈ ప్రశ్నతోనే పరీక్షించమని నా సలహా, ఈ మార్గదర్శిని కూడా ఆ దృష్టితోనే రాశాను.

ట్రయల్ ఏ రకమో ముందు తేల్చుకోండి

ఉచితం అన్న మాట ఒకటే అయినా దాని వెనుక ఏర్పాట్లు వేరువేరుగా ఉంటాయి. అడోబ్ ట్రయల్‌లో దాదాపు అన్ని పనిముట్లూ తెరిచే ఉంటాయి, గడువు ఒక్కటే అడ్డు. కానీ కృత్రిమ మేధతో బొమ్మలు పుట్టించే సౌకర్యాలకు క్రెడిట్ల పరిమితి ఉంటుంది కనుక వాటిని మొదటి రోజు సరదాకే ఖర్చు చేసుకుంటే తరువాత అసలు పనికి మిగలవు. కొన్ని చిన్న సాఫ్ట్‌వేర్లు గడువేమీ పెట్టవు గాని, సేవ్ చేయబోతే ఆపేస్తాయి, లేదా ఎగుమతి చేసిన బొమ్మ మీద తమ పేరును వాటర్‌మార్క్‌గా అడ్డంగా ముద్రిస్తాయి. ఇంకొన్నింటిలో ట్రయల్ ముగిశాక ప్రోగ్రాం తెరుచుకుంటుంది, ఫైలు కనిపిస్తుంది, కానీ సేవ్, ప్రింట్, ఎగుమతి మూడూ పనిచేయవు. పాత కోరల్‌డ్రా వెర్షన్లలో ఈ చూపు మాత్రమే మిగిలే స్థితిని వ్యూయర్ మోడ్ అనేవారు.

కాన్వా, ఫిగ్మా దారి వేరు. వీటిలో శాశ్వతంగా ఉచితంగా వాడుకునే ప్లాన్ ఒకటి, దాని మీద చెల్లింపు ప్లాన్ ఒకటి ఉంటాయి. కాన్వా ఉచిత ప్లాన్‌లో వెనుక రంగు లేని పారదర్శక పీఎన్‌జీ, గీతలుగా దాచే ఎస్‌వీజీ ఎగుమతి, బ్యాక్‌గ్రౌండ్ తొలగింపు, ఒక్క నొక్కుతో కొలత మార్పు, ముద్రణకు కావలసిన సీఎంవైకే (నాలుగు ఇంకుల రంగుల పద్ధతి) పీడీఎఫ్ దొరకవు. ప్రో ట్రయల్‌లో ఇవన్నీ దొరుకుతాయి. కనుక ఆ 30 రోజుల్లో ప్రో బొమ్మలతో చేసిన డిజైన్‌ను గడువు తరువాత మార్చి మళ్లీ దింపుకోబోతే వాటర్‌మార్క్ గాని, చెల్లించమన్న అడ్డు గాని ఎదురుకావచ్చు. ఫిగ్మా ఉచిత ప్లాన్‌లో బృందానికి ఇచ్చే డిజైన్ ఫైళ్ల సంఖ్య 3కే పరిమితం, పాత మార్పుల చరిత్ర 30 రోజుల వరకే వెనక్కి కనిపిస్తుంది. పైగా ఫిగ్మా వెబ్‌సైట్లు, యాప్‌ల తెరల కోసం పుట్టిన సాధనం, దానిలో సీఎంవైకే రంగుల పద్ధతే లేదు. ప్రెస్సుకు వెళ్లే పని ఉన్నవారు దాని మీద ట్రయల్ సమయం వెచ్చించనక్కరలేదు.

కాబట్టి ఖాతా తెరవక ముందే ఒక కాగితం మీద నాలుగు విషయాలు రాసుకోండి: గడువు తరువాత ఫైలు తెరవవచ్చా, మార్చవచ్చా, ఎగుమతి చేయవచ్చా, ట్రయల్‌లో చేసిన పనిని డబ్బుకు అమ్మవచ్చా. చివరి ప్రశ్నను చాలామంది అడగనే అడగరు. కొన్ని లైసెన్సు ఒప్పందాల్లో ట్రయల్ కేవలం పరిశీలనకే అని రాసి ఉంటుంది, పని చేయించుకునేవారికి బిల్లు వేసే పని చేసేవారు ఆ ఒప్పందంలో ‘ట్రయల్’, ‘ఇవాల్యుయేషన్’ అన్న మాటలు వెదికి ఆ రెండు పేరాలైనా చదవాలి.

గడియారం మొదలుకాక ముందు

7 రోజులు అంటే వరుసగా 7 క్యాలెండర్ రోజులు. పండుగ వచ్చినా, కరెంటు పోయినా, మీరు ఊరెళ్లినా ఆ లెక్క ఆగదు. అందుచేత సిద్ధం చేసుకోవలసినవన్నీ ముందే సిద్ధం చేసుకోవాలి. ఫొటోషాప్ నడవాలంటే కనీసం 8 జీబీ ర్యామ్ ఉండాలని, 16 జీబీ ఉంటే మంచిదని అడోబ్ చెబుతోంది. విండోస్ వెర్షన్, గ్రాఫిక్స్ కార్డు, ఖాళీ డిస్కు స్థలం కూడా కంపెనీ ప్రకటించిన జాబితాతో సరిపోల్చుకోండి. దింపుకోవలసినది కొన్ని జీబీల బరువుంటుంది, మొబైల్ డేటా మీద ఆధారపడేవారికి ఒక రోజు కోటా అంతా దానికే పోవచ్చు. కంప్యూటర్ సరిపోదని ట్రయల్ మూడో రోజున తెలుసుకోవడం కంటే ముందే చూసుకోవడం మేలు.

ఒక ఈమెయిల్‌కు ఒక ట్రయల్ అన్నది దాదాపు అంతటా ఉన్న నియమం. సాఫ్ట్‌వేర్‌ను తీసివేసి మళ్లీ ఎక్కించినా, కంప్యూటర్ తేదీ వెనక్కి జరిపినా గడువు మళ్లీ మొదలు కాదు, లెక్క కంపెనీ సర్వర్లో ఉంటుంది. అందువల్ల ‘ఎలా ఉందో చూద్దాం’ అని ఊరికే ట్రయల్ నొక్కకండి. చేతిలో నిజమైన పని ఒకటి ఉన్నప్పుడే మొదలుపెట్టండి. ఆ పనికి కావలసిన ఫొటోలు, లోగో, తెలుగు మ్యాటర్, ఫాంట్లు అన్నీ ఒక ఫోల్డర్లో పెట్టుకున్నాకనే ఖాతా తెరవాలి.

మొదటి రోజున తెలుగు పరీక్ష

ఇంగ్లిష్‌లో వచ్చే ట్రయల్ సమీక్షలు ఎన్ని చదివినా మనకు కావలసిన విషయం వాటిలో ఉండదు. తెలుగు అక్షరం సరిగా కూర్చబడుతోందా లేదా అన్నది మనమే చూసుకోవాలి. కొత్త పేజీ తెరిచి స్త్రీ, లక్ష్మి, జ్యోత్స్న, సంస్కృతి, రాష్ట్రం అన్న మాటలు యూనికోడ్‌లో (ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా చదవబడే అక్షర సంకేతాల పద్ధతి) కొట్టండి. ఒత్తు అక్షరం కిందికి చేరకుండా పక్కన విడిగా నిలబడితే, లేదా గుణింతం గుర్తు సున్నా ఆకారంలోని చుక్కల వలయంతో వేరుగా కనబడితే, ఆ సాఫ్ట్‌వేర్ భారతీయ లిపుల కూర్పు చేయడం లేదని అర్థం. వెంటనే తిరస్కరించకుండా సెట్టింగులు కూడా ఒకసారి చూడండి. ఫొటోషాప్ పాత వెర్షన్లలో ప్రిఫరెన్సెస్‌లోని టైప్ విభాగంలో ‘మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్’ అన్నదాన్ని ఎంచుకుంటే గాని ఒత్తులు కుదిరేవి కావు, తరువాతి వెర్షన్లలో దానికే ‘వరల్డ్-రెడీ లేఅవుట్’ అని పేరు వచ్చింది. ఇన్‌డిజైన్‌లో పారాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో ‘అడోబ్ వరల్డ్-రెడీ పారాగ్రాఫ్ కంపోజర్’ ఎంచుకోవాలి. ఈ ఒక్క సెట్టింగు తెలియక, తెలుగు రాదని ట్రయల్‌ను మధ్యలో వదిలేసినవారు తక్కువమంది కారు.

పరీక్షకు ఫాంట్లు కూడా ఒకటి కంటే ఎక్కువ వాడాలి. సిలికానాంధ్ర విడుదల చేసిన మండలి, రామభద్ర, ఎన్టీఆర్, సురవరం వంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి, వీటిలో ఒక సన్నటిదాన్ని, ఒక లావుదాన్ని ఎంచుకోండి. ఒక ఫాంట్‌లో మాత్రమే అక్షరం చెడితే తప్పు ఫాంట్‌ది, అన్నింటిలోనూ చెడితే సాఫ్ట్‌వేర్‌ది.

ఇక మన డీటీపీ కేంద్రాల్లో ఏళ్లుగా పేరుకుపోయిన అను ఫాంట్ల మ్యాటర్ సంగతి వేరు. అది యూనికోడ్ కాదు. ఆ ఫాంట్ లేని చోట అతికిస్తే తెలుగుకు బదులు ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగలిసిన గజిబిజి కనిపిస్తుంది. బ్రౌజర్లో నడిచే కాన్వా వంటివాటిలో పాత మ్యాటర్ వాడాలనుకునేవారు ముందు దాన్ని యూనికోడ్‌లోకి మార్చుకుని, ‘క్ష’, ‘శ్ర’, ‘ఋ’ ఉన్న మాటలను కళ్లతో సరిచూసుకున్నాకే ట్రయల్ మొదలుపెట్టాలి. లేకపోతే గడువులో సగం ప్రూఫు దిద్దడానికే పోతుంది.

తెలుగు నిలిచిందని తేలాక, మీరు చేసే పనుల్లో అన్నింటికంటే బరువైనదాన్ని దాని మీద పెట్టి చూడండి. ఉదాహరణకు 20 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న ఫ్లెక్సీని 72 డీపీఐలో (అంగుళానికి 72 చుక్కలు) తీసుకుంటే 17,280 పిక్సెళ్ల వెడల్పు, 8,640 పిక్సెళ్ల ఎత్తు వస్తుంది, అంటే సుమారు 15 కోట్ల పిక్సెళ్లు. ఒక్కో వైపు 30,000 పిక్సెళ్ల వరకు ఫొటోషాప్ సొంత ఫైలు రూపమైన పీఎస్‌డీలో దాచవచ్చు కనుక కొలతతో ఇబ్బంది లేదు. కానీ ఒకదాని మీద ఒకటి పరిచిన పది లేయర్లు (పొరలు), నాయకుల ఫొటోలు నాలుగైదు చేరేసరికి ఫైలు 2 జీబీ దాటితే పీఎస్‌డీగా సేవ్ కాదు, పెద్ద ఫైళ్ల కోసం ఉన్న పీఎస్‌బీగా దాచుకోవాలి. మీ కంప్యూటర్ ఆ బరువును మోయగలదో లేదో ఇన్‌స్టాగ్రామ్ పోస్టు చేసి చూస్తే తెలియదు.

ముద్రణ పనికి ఇంకొక పరీక్ష ఉంది. తెరల రంగుల పద్ధతి అయిన ఆర్‌జీబీలో గీసిన నల్లటి అక్షరాలను సీఎంవైకేకు మార్చినప్పుడు ఆ నలుపు చాలాసార్లు నాలుగు ఇంకులుగా విడిపోతుంది. ప్రెస్సులో ఇంకులు వెంట్రుకవాసి పక్కకు జరిగినా శుభలేఖలోని చిన్న ఒత్తులు అలికినట్టు కనిపిస్తాయి. అక్షరాలకు నలుపు ఇంకు ఒక్కదాన్నే నూరు శాతం ఇచ్చి మిగిలిన మూడింటినీ సున్నా చేయగలుగుతున్నామా, పీడీఎఫ్‌లోకి వెళ్లాక కూడా అది అలాగే నిలుస్తోందా అన్నది ట్రయల్‌లోనే తేలాలి. ఒక పేజీ పీడీఎఫ్ తీసి మీరు మామూలుగా అచ్చు వేయించే ప్రెస్సులో చూపిస్తే వాళ్లే చెప్పేస్తారు.

ఫైలును బయటికి తెచ్చుకునే పద్ధతి

నా దృష్టిలో ట్రయల్‌లో అతి ముఖ్యమైన పని ఇదే, దీన్ని చివరి రోజుకు వదిలిపెట్టకూడదు. ప్రతి డిజైన్‌ను మూడు రూపాల్లో దాచుకోండి: సాఫ్ట్‌వేర్ సొంత ఫైలు ఒకటి, వేరే సాఫ్ట్‌వేర్లు చదవగల మధ్యస్థ రూపం ఒకటి, ఇక మార్పులతో పని లేకుండా ముద్రణకు వెళ్లే పీడీఎఫ్ ఒకటి.

ఇల్లస్ట్రేటర్‌లో దాని సొంత రూపమైన ఏఐ (.ai) ఫైలు సేవ్ చేసేటప్పుడు ‘క్రియేట్ పీడీఎఫ్ కంపాటిబుల్ ఫైల్’ అన్న పెట్టెలో టిక్కు ఉండాలి. అది ఉంటేనే ఇంక్‌స్కేప్, అఫినిటీ వంటి ఇతర డిజైన్ సాఫ్ట్‌వేర్లు ఆ ఏఐ ఫైలును చదవగలవు, టిక్కు తీసేస్తే ఫైలు బరువు తగ్గుతుంది గాని బయట ఎవరికీ అక్కరకు రాదు. ఫొటోషాప్‌లో దానికి సమానమైనది ‘మాగ్జిమైజ్ కంపాటిబిలిటీ’. ఇన్‌డిజైన్‌లో దాని సొంత ఫైలు ఐఎన్‌డీడీతో పాటు మధ్యస్థ రూపమైన ఐడీఎంఎల్ కూడా తీసుకోండి. సీఎస్4 నుంచి వచ్చిన ఏ ఇన్‌డిజైన్‌లోనైనా అది తెరుచుకుంటుంది, అఫినిటీ కూడా దాన్ని చదువుతుంది.

కోరల్‌డ్రాలో వెర్షన్ గొడవ మరింత పెద్దది. ట్రయల్‌గా దొరికేది సరికొత్త వెర్షన్, ఊళ్లోని ఫ్లెక్సీ షాపులో ఉండేది చాలాసార్లు ఎన్నో ఏళ్ల కిందటి వెర్షన్. కొత్తదానిలో మామూలుగా సేవ్ చేసిన సీడీఆర్ ఫైలు పాతదానిలో తెరుచుకోదు. ‘సేవ్ యాజ్’ పెట్టెలో వెర్షన్ అన్న చోట నొక్కి, షాపువారి వెర్షన్ నంబరు ఎంచుకుని సేవ్ చేయాలి. ఆ నంబరు షాపుకు ఫోను చేసి ముందే కనుక్కోండి. కొత్త వెర్షన్‌లో మాత్రమే ఉన్న ఎఫెక్టులు వాడి ఉంటే పాత వెర్షన్‌కు మార్చేటప్పుడు అవి చెదిరే అవకాశం ఉంది కనుక, ఆ పాత వెర్షన్ ఫైలును మూసి మళ్లీ తెరిచి ఒకసారి చూసుకోవాలి.

ఫాంట్ల విషయంలో ట్రయల్ దెబ్బ ఆలస్యంగా తగులుతుంది. అడోబ్ ఫాంట్స్ నుంచి తెచ్చుకున్న అక్షరాలు మీ కంప్యూటర్లో శాశ్వతంగా ఉండేవి కావు, చందా ముగియగానే అవి ఆగిపోతాయి, ఫైలు తెరిస్తే ‘మిస్సింగ్ ఫాంట్’ అని వస్తుంది. ఫైలును ప్యాకేజ్ చేసినా (బొమ్మలు, ఫాంట్లతో సహా ఒక ఫోల్డర్లోకి చేర్చినా) వాటిని అందులో చేర్చరు. అందుకే ట్రయల్ కాలంలో చేసే పనికి మీ దగ్గర విడిగా ఉన్న ఫాంట్లు గాని, స్వేచ్ఛా లైసెన్సు ఉన్న గూగుల్ ఫాంట్లు గాని వాడటమే క్షేమం. ముద్రణకు వెళ్లే ప్రతిని ఎలాగూ ప్రెస్సువాళ్లు ‘కర్వ్స్ చేసి పంపండి’ అంటారు. ఇల్లస్ట్రేటర్‌లో అక్షరాలను ఎంచుకుని కంట్రోల్, షిఫ్ట్, ఓ కలిపి నొక్కితే, కోరల్‌డ్రాలో కంట్రోల్, క్యూ నొక్కితే అక్షరం గీతగా మారుతుంది. గీతగా మారిన ‘శుభలేఖ’లో ముహూర్తం సమయం తప్పు పడిందని తరువాత తెలిస్తే దిద్దడానికి వీలుండదు. కర్వ్స్ చేసేముందు అక్షరాలు అక్షరాలుగానే ఉన్న ప్రతిని వేరే పేరుతో సేవ్ చేయాలి, మొత్తం మ్యాటర్‌ను ఒక మామూలు టెక్స్ట్ ఫైలులో కూడా అతికించి అదే ఫోల్డర్లో ఉంచాలి.

క్లౌడ్‌లో దాచిన ఫైళ్లను నమ్ముకోకండి. సేవ్ నొక్కినప్పుడు కంప్యూటర్‌లోనా, క్లౌడ్‌లోనా అని అడిగితే కంప్యూటర్‌ను ఎంచుకోండి. ట్రయల్ ముగిశాక ఖాతాకు ఇచ్చే స్థలం తగ్గిపోవచ్చు, ఆ ఫైళ్లను తెరిచే సాఫ్ట్‌వేర్ ఎలాగూ మీ దగ్గర ఉండదు.

కార్డు, యూపీఐ, రద్దు

అడోబ్ వంటి కంపెనీలు ట్రయల్ మొదట్లోనే చెల్లింపు వివరాలు అడుగుతాయి. గడువులోపల రద్దు చేయకపోతే ఎనిమిదో రోజు నుంచి మీరు చందాదారులు అయిపోతారు. ఏ ప్లాన్ కింద ట్రయల్ తీసుకున్నారన్నది ఇక్కడే చూసుకోవాలి. అడోబ్‌లో నెలనెలా చెల్లించే ప్లాన్‌లు రెండున్నాయి: నిజంగా నెలకు మాత్రమే కట్టుబడేది ఒకటి, ఏడాదికి కట్టుబడి నెలనెలా చెల్లించేది ఇంకొకటి. రెండోదాని ధర తక్కువగా కనిపిస్తుంది కనుక ఎక్కువమంది దాన్నే నొక్కుతారు. డబ్బు కట్టిన తరువాత 14 రోజుల్లో రద్దు చేస్తే మొత్తం తిరిగి ఇస్తారు, అది దాటాక రద్దు చేస్తే ఏడాదిలో మిగిలిన నెలల మొత్తంలో సగం రుసుముగా కట్టాలని నిబంధన. ఈ రుసుమును కొనుగోలుదారులకు స్పష్టంగా కనిపించకుండా పెట్టారని ఆరోపిస్తూ 2024 జూన్‌లో అమెరికా ప్రభుత్వం అడోబ్ మీద దావా వేసింది. మనం చేయవలసింది మాత్రం చిన్న పనే: చెల్లింపు పేజీలో ప్లాన్ పేరు కింద సన్న అక్షరాల్లో ఉన్న వాక్యాన్ని పూర్తిగా చదివి, ఆ పేజీని స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోవాలి.

భారతదేశంలో కార్డుతో తీసుకునేవారికి రిజర్వు బ్యాంకు నిబంధనలు కొంత అండగా ఉన్నాయి. 2021 అక్టోబరు నుంచి అమలైన ఆటో-డెబిట్ నియమాల ప్రకారం, పదేపదే కోత పడే చెల్లింపుకు మొదట ఓటీపీ వంటి అదనపు ధ్రువీకరణ కావాలి, ప్రతి కోతకు కనీసం 24 గంటల ముందు బ్యాంకు నుంచి సమాచారం రావాలి, ఆ సమాచారంలోనే వద్దనుకునే వీలుండాలి. యూపీఐ ఆటోపే ద్వారా ఇస్తే మీ యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగంలో ఆ అనుమతి పేరు కనిపిస్తుంది, అక్కడే రద్దు చేయవచ్చు. అయితే బ్యాంకు వైపు కోతను ఆపడం వేరు, కంపెనీతో ఒప్పందాన్ని రద్దు చేయడం వేరు. అనుమతి ఆపేసినంత మాత్రాన ఏడాది ఒప్పందం చెరిగిపోదు, కంపెనీ ఖాతాలో బాకీ అలాగే కనిపించవచ్చు. సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటర్ నుంచి తీసివేసినా చందా రద్దు కాదు. కంపెనీ వెబ్‌సైట్‌లో ఖాతాలోకి వెళ్లి, ప్లాన్‌ల విభాగంలో రద్దు నొక్కి, ధ్రువీకరణ ఈమెయిల్ వచ్చిందో లేదో చూడాలి. ఆ తరువాతే బ్యాంకు అనుమతి తీసేయాలి.

రద్దుకు ఆఖరి గంట వరకు ఆగకండి. గడువు ఏ దేశపు కాలమానం ప్రకారం ముగుస్తుందో మీకు కనిపించకపోవచ్చు కాబట్టి రెండు రోజుల ముందే ఫోనులో అలారం పెట్టుకోండి. రద్దు నొక్కగానే వాడకం ఆగిపోతుందా, గడువు చివరి వరకు సాగుతుందా అన్నది కంపెనీని బట్టి మారుతుంది. అందుకే ఫైళ్లన్నీ బయటికి తెచ్చుకున్నాకే రద్దు బటన్ దగ్గరికి వెళ్లాలి. రద్దు దారిని కావాలని దాచిపెట్టే పద్ధతిని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో తెచ్చిన డార్క్ ప్యాటర్న్‌ల (కొనుగోలుదారులను తప్పుదారి పట్టించే ఎత్తుగడల) మార్గదర్శకాల్లో చందా ఉచ్చుగా పేర్కొని నిషేధించింది. అలాంటిది ఎదురైతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు, అప్పుడు మీరు తీసి ఉంచుకున్న స్క్రీన్‌షాట్లు అక్కరకొస్తాయి.

గడువు తరువాత ఆ ఫైళ్లతో పని

కొనకూడదని తేల్చుకుంటే క్రాక్ చేసిన ప్రతుల వైపు వెళ్లనక్కరలేదు. వాటితో వైరస్ వస్తే అది పని ఇచ్చినవారి ఫైళ్లున్న కంప్యూటర్లోకే చేరుతుంది. దానికి బదులు ట్రయల్ చివరి రెండు రోజుల్లో, మీరు బయటికి తీసిన ఫైళ్లను ఉచిత సాఫ్ట్‌వేర్లలో తెరిచి చూడండి. తేడా వస్తే వెనక్కి వెళ్లి వేరే రూపంలో సేవ్ చేసుకోవడానికి అప్పటికింకా వ్యవధి ఉంటుంది. పీఎస్‌డీని జింప్‌లోనో, బ్రౌజర్లో నడిచే ఫొటోపియాలోనో తెరవవచ్చు. ఫొటోపియాలో ప్రకటనలు వస్తాయి గాని లేయర్లు చాలావరకు అలాగే నిలుస్తాయి. అఫినిటీని కాన్వా సంస్థ 2024లో కొని, 2025 అక్టోబరు చివర్లో ఉచితం చేసింది. కాన్వా ఖాతా ఉంటే చాలు, కృత్రిమ మేధ సౌకర్యాలకు మాత్రం ప్రో చందా కావాలి. సీఎంవైకే పనికి అది సమర్థమైనదే అయినా పాత వెర్షన్లలో తెలుగు ఒత్తులు విడిపోయేవి, అందుచేత పైన చెప్పిన మాటల పరీక్ష దాని మీద కూడా చేయాలి.

ఇంక్‌స్కేప్‌లో తెలుగు కూర్పు బాగుంటుంది, సీఎంవైకే పీడీఎఫ్ తీయడంలోనే అది బలహీనం. ఆ లోటును పేజీలు కూర్చే ఉచిత సాఫ్ట్‌వేర్ స్క్రైబస్ తీరుస్తుంది. 2024 జనవరిలో వచ్చిన 1.6 వెర్షన్‌లో భారతీయ లిపులకు మద్దతు ఉంది, సీఎంవైకే పీడీఎఫ్ కూడా తీస్తుంది. బొమ్మను ఇంక్‌స్కేప్‌లో గీసి ఎస్‌వీజీగా దాచి, అక్షరాలను స్క్రైబస్‌లోనే కొట్టి, నలుపును ఒక్క ఇంకుగా పెట్టి, ట్రయల్‌లో తీసిన పీడీఎఫ్‌తో పాటు దీన్ని కూడా ప్రెస్సులో అచ్చు తీయించండి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాక, ఏడాది చందా మీ పనికి అవసరమో కాదో తేల్చుకోవచ్చు.